నాలుగుంపావుకి వచ్చే మిస్డ్ కాల్

తెల్లవారుజామున నాలుగుంపావుకి నా ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతుంది. ఎత్తకూడదు, అది మా రూలు. పీఈటీ సార్ మెడికల్ షాపు అన్నకి కొడతారు, అన్న నాకు, నేను నర్సింగ్ చదివే అమ్మాయికి, ఆ పిల్ల ఆర్టీసీ కండక్టర్ అన్నకి, ఆయన మళ్లీ పీఈటీ సార్‌కి. కాల్ చుట్టూ తిరిగి సార్ దగ్గరికే వచ్చిందంటే ఐదుగురం లేచినట్టు. ఐదు నిమిషాల్లో రాకపోతే ఎక్కడ తెగిందో సార్ వరసగా కనుక్కుంటారు. పావు తక్కువ ఐదుకల్లా అందరం పరుగుకి కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర ఉండాలి.

ఆఫీసులో చాలామంది అడుగుతుంటారు, రోజూ అంత పొద్దున్నే లేచి పరిగెత్తడానికి మోటివేషన్ ఎక్కడ్నుంచి వస్తుంది మేడం అని. వాళ్లు ఏదో పెద్ద మాట కోసం ఎదురుచూస్తారు. నా దగ్గరున్న జవాబు మాత్రం ఆ మిస్డ్ కాలే. నాకు నిద్ర ఎక్కువ, చలికాలంలో అయితే దుప్పటి తీయాలంటే ఏడుపొస్తుంది. కానీ నేను లేవకపోతే ఆ అమ్మాయి లేవదు, ఆ అమ్మాయి లేవకపోతే కండక్టర్ అన్నకి కాల్ వెళ్లదు. అంతే, లేస్తాను. లేచి బూట్లు వేసుకున్నాక సగం పని అయిపోయినట్టే.

పోయినేడాది డిసెంబర్‌లో ఒకరోజు ఫోన్ మోగింది, చేయి చాచి సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. ఒంట్లో బాగానే ఉంది, కారణం ఏమీ లేదు, బద్ధకం. ఆ వారం ఆ అమ్మాయికి పరీక్షలు, వారం మొత్తంలో పరిగెత్తడానికి దొరికింది ఆ ఒక్క బుధవారమే. సార్ కనుక్కుని ఫోన్ చేసేసరికి ఆలస్యమైపోయింది, తను రాలేకపోయింది. మర్నాడు సారీ చెబితే "పర్లేదక్కా" అంది. ఆ పర్లేదు నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది. మళ్లీ అలా చేయలేదు.

నేను పరుగు మొదలుపెట్టింది మావాడి వల్ల. మూడేళ్ల కిందట వాడు ఏడో తరగతి, అథ్లెటిక్స్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు. రోజూ పొద్దున అవుట్‌డోర్ స్టేడియంలో దింపి, గంటసేపు మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉండేదాన్ని. చుట్టూ నా వయసు ఆడవాళ్లు చీర మీద బూట్లు వేసుకుని మాట్లాడుకుంటూ నడిచేవాళ్లు. కొన్నాళ్లకి నేనూ లేచి వాళ్ల వెనకాల నడిచాను. ఒకరోజు ఎందుకనిపించిందో ఒక రౌండు పరిగెత్తి చూశాను, 400 మీటర్లు. సగంలోనే ఊపిరి గొంతులో అడ్డంపడింది, అయినా ఆగలేదు, పూర్తిచేసి గోడ పట్టుకుని నిలబడ్డాను. చెవుల్లో గుండె చప్పుడు. స్కూల్లో ఖోఖో ఆడినప్పుడు ఉండేది ఆ చప్పుడు, దాదాపు పాతికేళ్ల తర్వాత మళ్లీ విన్నాను. మూడు నెలలకి మావాడు క్రికెట్‌కి వెళ్లిపోయాడు. నేను మాత్రం స్టేడియానికి రావడం మానలేదు.

మా అత్తమ్మకి మొదట్లో ఇది అస్సలు నచ్చలేదు. "ఎవరు తరుముతున్నారని అట్లా ఉరుకుతావు?" అనేది. కోపంతో కాదు, నిజంగానే అర్థం కాక. ఆమె చిన్నప్పుడు పత్తికొండ దగ్గర పల్లెలో మంచినీళ్ల కోసం రోజూ కిలోమీటర్లు నడిచింది, అవసరం లేకుండా కాళ్లు అరగదీసుకోవడం ఆమెకి వింతగానే ఉంటుంది. ఇప్పుడు ఆదివారాలు నేను తిరిగొచ్చేసరికి రాగి అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు వేసి చెంబు మూతపెట్టి ఉంచుతుంది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పీఈటీ సార్ పరిచయమైంది ఆ స్టేడియంలోనే. జిల్లా పరిషత్ స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. వారం రోజులు నన్ను చూసి ఒకరోజు దగ్గరికొచ్చి, "ఏం మేడం, రోజూ పరీక్ష రాస్తున్నట్టు పరిగెత్తుతున్నారే?" అన్నారు. నిజమే, ప్రతిరోజూ నిన్నటి టైమ్ కంటే తక్కువ రావాలని పళ్లు బిగపట్టి పరిగెత్తేదాన్ని. ఆయన ఆ రోజు నా పక్కనే పరిగెత్తుతూ మా ఊరు, మా ఇంటిపేరు, మావాడి చదువు, అన్నీ అడుగుతూనే ఉన్నారు. నేను జవాబు చెప్పలేక మధ్యలో ఆగినప్పుడల్లా ఆయన వేగం తగ్గించారు. చివరికి చెప్పారు, "మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టే. వారంలో ఎక్కువ రోజులు మాట తెగకుండా పరిగెత్తాలి, ఒకటి రెండు రోజులే కష్టపడాలి."

ఇదేదో ముసలాయన సలహా అనుకున్నాను మొదట. తర్వాత చదువుకుంటే తెలిసింది, ప్రపంచంలో పెద్ద పెద్ద మారథాన్ రన్నర్లు కూడా ఎక్కువ దూరం నెమ్మదిగానే పరిగెత్తుతారని. నెమ్మదిగా ఎక్కువసేపు పరిగెత్తితే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, ఒంట్లో కొవ్వుని ఇంధనంగా వాడుకోవడం అలవాటవుతుంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే బలపడతాయి, కానీ ఎముకలు గట్టిపడాలంటే నెలలు పడుతుంది. ఈ చివరి మాట చదివాను, తలూపాను, మర్చిపోయాను. దానికి తర్వాత మూల్యం చెల్లించాను.

అలా సార్ వెంట గుంపులో కలిశాను. నిజం చెప్పాలంటే ఆడదానిగా కర్నూల్లో తెల్లవారుజామున ఒక్కదాన్నే రోడ్డు మీద పరిగెత్తడం నావల్ల అయ్యేది కాదు. కుక్కలు ఒక భయం, బైకు స్లో చేసి పక్కనే వచ్చేవాళ్లు ఇంకో భయం. స్టేడియం లోపల రౌండ్లు కొట్టడమే తప్ప బయటికి వెళ్లిందే లేదు. గుంపుతో వెళ్లాక నేను పుట్టి పెరిగిన ఊరు నాకు కొత్తగా కనిపించింది. మంగళవారం స్టేడియంలో స్పీడు, గురువారం జగన్నాథ గట్టు అనే కొండ ఎక్కడం, ఆదివారం కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) గట్టు మీద లాంగ్ రన్. బుధవారం, శుక్రవారం ఊళ్లోనే, ఊరికే కాళ్లు కదలడానికి.

జగన్నాథ గట్టు గురించి చెప్పాలి. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని రూపాల సంగమేశ్వరం గుడిని రాళ్లు విప్పి తెచ్చి మళ్లీ కట్టింది ఈ గట్టు మీదే. ఎక్కేటప్పుడు పిక్కలు మండిపోతాయి, అడుగు చిన్నది చేసి, చూపు కాళ్ల ముందు పది అడుగుల దూరంలోనే పెట్టి ఎక్కాలంటారు సార్. పైకి చూస్తే దూరం ఎక్కువనిపిస్తుంది. పైకెళ్లాక వెనక్కి తిరిగితే ఊరంతా లైట్లు, వాటి వెనకాల తుంగభద్ర ఉండే చోట మాత్రం చీకటి. ఆ రెండు నిమిషాలు ఎవరం మాట్లాడం.

కేసీ కెనాల్ అయితే మరీ ఇష్టం. 1860ల్లో తవ్విన కాలువ, సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై కడప దాకా పోతుంది, అప్పట్లో సాగునీటితో పాటు పడవలు నడపడానికి కూడా తవ్వారట. నీళ్లు వదిలిన నెలల్లో గట్టు మీద పరిగెత్తుతుంటే ఒక పక్క నీటి చప్పుడు, ఇంకో పక్క వరి మళ్లలో కప్పలు. కాలువలో నీళ్లు మనతో పాటే వస్తున్నట్టుంటాయి. మట్టి గట్టు కాబట్టి కాళ్లకి కూడా మంచిది.

మా గుంపుకి ఒక పద్ధతుంది, దానికి పేరేమీ పెట్టుకోలేదు. ముందు వెళ్లినవాళ్లు అనుకున్న చోటికి చేరాక అక్కడ నిలబడి ఎదురుచూడరు, వెనక్కి తిరిగి చివర వస్తున్నవాళ్ల దాకా పరిగెత్తుకుంటూ వచ్చి, అక్కడ్నుంచి వాళ్లతో కలిసి మళ్లీ వెళ్తారు. దాంతో వేగంగా పరిగెత్తేవాళ్లకి దూరం ఎక్కువ వస్తుంది, నెమ్మదిగా వచ్చేవాళ్లు ఒంటరిగా మిగలరు. మొదటి ఆరు నెలలు ఆ చివరి మనిషిని నేనే. చీకట్లో ఎదురుగా సెల్ లైటు ఊగుతూ వస్తుంటే, అది మెడికల్ షాపు అన్న లైటని తెలిసి కాళ్లకి ఎక్కడలేని సత్తువ వచ్చేది. "ఏం చెల్లెమ్మా, అయిపోయింది, ఆ వేపచెట్టే" అనేవాడు. ఆ వేపచెట్టు ఇంకా కిలోమీటరు దూరంలో ఉండేది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చీకట్లో పక్కపక్కన పరిగెత్తుతుంటే మనుషులు మాట్లాడే తీరే వేరు. ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతూ చెప్పుకోలేని విషయాలు అక్కడ వచ్చేస్తాయి, మొహాలు కనపడవు కదా, చూపంతా ముందుకే. నర్సింగ్ అమ్మాయి వాళ్ల నాన్న అప్పుల సంగతి అక్కడే చెప్పింది. కండక్టర్ అన్న 2009 అక్టోబర్ 2 గురించి అక్కడే చెప్పాడు. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి కదా, పాతబస్తీలో వాళ్ల కుటుంబం డాబా మీదికెక్కి, కింద ఇల్లంతా మునిగిపోతుంటే చూస్తూ కూర్చుందట. ఇప్పటికీ సుంకేసుల బ్యారేజీ గేట్లు ఎత్తారంటే సర్టిఫికెట్ల సంచి గోడకి తగిలించి పెట్టుకుంటాడట. ఇది చెప్పేటప్పుడు ఆయన వేగం పెరిగిపోయింది, మేమూ ఏమీ అనకుండా వేగం పెంచాం.

ఇక ఆదివారం పరుగయ్యాక ఉగ్గాని. ఇది లేకపోతే మా గుంపు సగం ఖాళీ అవుతుందని నా నమ్మకం. మేము రెగ్యులర్‌గా తినే బండి అక్క, మమ్మల్ని దూరం నుంచి చూడగానే బొరుగులు నీళ్లలో ముంచి రెండు చేతులతో పిండి మూకుడులో వేస్తుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు అప్పటికే వేగి ఉంటాయి. పైన పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. చెమట ఆరక ఉప్పు కట్టిన చేతులతో ఆ ప్లేటు పట్టుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవడం ఉంది చూడండి, అన్ని కిలోమీటర్లు దానికోసమే పరిగెత్తామా అనిపిస్తుంది.

ఇప్పుడు దెబ్బ తగిలిన కథ.

ఈ ఏడాది జనవరిలో అందరం కలిసి ఆగస్టులో హైదరాబాద్ హాఫ్ మారథాన్‌కి పేర్లిచ్చాం. 21 కిలోమీటర్ల 97 మీటర్లు. నాకు ఒకటే పట్టు, రెండున్నర గంటల లోపు పూర్తిచేయాలని. గుంపుతో పొద్దున పరిగెత్తింది చాలదన్నట్టు, ఎవరికీ చెప్పకుండా సాయంత్రాలు కూడా మా కాలనీ సిమెంటు రోడ్డు మీద స్పీడుగా పరిగెత్తడం మొదలుపెట్టాను. వారానికి 25 కిలోమీటర్లు పరిగెత్తేదాన్ని నెల తిరక్కుండానే 45కి తీసుకెళ్లాను. సార్‌కి చెబితే వద్దంటారని తెలుసు, అందుకే చెప్పలేదు.

ఫిబ్రవరి చివరికి ఎడమకాలి ముందు ఎముక లోపలి పక్క నొప్పి మొదలైంది. మొదట పరుగు మొదలుపెట్టినప్పుడే ఉండి తర్వాత తగ్గేది. తర్వాత పరుగంతా ఉండేది. తర్వాత రాత్రి పడుకున్నా ఉండేది. చీలమండకి జానెడు పైన, రూపాయి బిళ్లంత చోట, బొటనవేలితో నొక్కితే ప్రాణం విలవిల్లాడేది. ఒంటికాలి మీద ఒక్క గెంతు గెంతలేకపోయాను.

మొదట చూపించుకున్న క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. నొప్పి మాత్రలు రాసిచ్చి, "నలభై దాటాక ఆడవాళ్లకి పరుగులెందుకమ్మా, వాకింగ్ చేసుకోండి చాలు" అన్నారు. ఆ డాక్టరు గారు చెడ్డగా ఏమీ అనలేదు, మామూలుగానే అన్నారు. కానీ బయటికొచ్చి స్కూటీ స్టార్ట్ చేయలేక అలాగే కూర్చుండిపోయాను. కాలి నొప్పి కంటే ఆ మాట ఎక్కువ నొప్పెట్టింది, ఎందుకంటే ఒక్క క్షణం నేనూ దాన్ని నమ్మాను.

మెడికల్ షాపు అన్న ఇంకో ఎముకల డాక్టరు దగ్గరికి పంపించాడు. ఆయన ఎమ్మారై చేయించి, ఎముకలో సన్నటి ఒత్తిడి పగులు ఉందని చూపించారు. ఇలాంటివి మొదట్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడవట. ఎముక రోజూ కొంచెం అరుగుతూ, రోజూ తనను తాను మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది, కట్టుకునే వేగం కంటే మనం అరగదీసే వేగం ఎక్కువైతే ఇలా అవుతుంది అని కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. రక్తపరీక్షలో విటమిన్ డి కూడా బాగా తక్కువుంది. ఇంత ఎండ కాసే ఊళ్లో! కానీ నేను ఎండ చూసేదెక్కడ, చీకట్లో పరిగెత్తి, పొద్దంతా ఆఫీసులో ఉండి, మళ్లీ చీకట్లో ఇల్లు చేరేదాన్ని. మందులు, 8 వారాలు పరుగు బంద్. "మళ్లీ పరిగెత్తొచ్చా?" అని అడిగాను. "పరిగెత్తకూడదని ఎవరన్నారు?" అన్నారాయన. ఆ ఒక్క మాటకి ఆయనకి ఎంత రుణపడ్డానో ఆయనకి తెలియదు.

సార్‌కి ఫోన్ చేసి సాయంత్రం పరుగుల సంగతి మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరేమ్మా, రెస్టు తీసుకో" అని పెట్టేశారు. మర్నాడు నన్ను గొలుసులోంచి తీసేస్తారు, మెడికల్ షాపు అన్న నేరుగా ఆ అమ్మాయికే కొడతాడు అనుకుని పడుకున్నాను.

నాలుగుంపావుకి ఫోన్ మోగింది.

ఏం చేయాలో తోచలేదు. చీకట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఆ అమ్మాయికి కొట్టాను. మళ్లీ పడుకున్నాను, నిద్ర రాలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మూడు వారాలు నేను చేసింది అదొక్కటే, కాల్ అందుకుని కాల్ ఇవ్వడం. వాట్సాప్‌లో వాళ్లు పెట్టే ఫొటోలు చూడలేక మ్యూట్‌లో పెట్టుకున్నాను, ఎవరైనా బాగా పరిగెత్తారంటే సంతోషం రాకపోగా కడుపులో మండేది, అందుకు నామీద నాకే బాధేసేది. ఆ మూడు వారాల్లో నేను పరుగు మనిషినే అని గుర్తుచేసింది ఆ రెండు సెకన్ల రింగు. సార్‌ని తర్వాత అడిగాను, నన్నెందుకు తీసేయలేదని. "నిన్ను తీస్తే ఆ పిల్లని లేపేదెవరు?" అన్నారు.

నాలుగో వారం, నొప్పి లేకపోతే సైకిలు తొక్కొచ్చని డాక్టరు గారు చెప్పారు. మావాడి గేరు సైకిలుంది. వాడు రాత్రే సీటు నా ఎత్తుకి దించి, చక్రాలకి గాలి కొట్టి పెట్టాడు. హ్యాండిల్‌కి రెండు సంచులు తగిలించి, ఒకదాంట్లో నీళ్ల సీసాలు, ఇంకోదాంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఉప్పు చల్లిన నిమ్మచెక్కలు వేసుకుని ఆదివారం బురుజు దగ్గరికి వెళ్లాను. ఎవరూ పెద్దగా ఏమీ అనలేదు. కండక్టర్ అన్న మాత్రం తన తువ్వాలు కూడా నా సంచిలో పెట్టేశాడు.

సైకిలు మీద వెనకాల వెళ్తుంటే నాకు అంతకుముందు వినపడనివి వినపడ్డాయి. పరిగెత్తేటప్పుడు మన ఊపిరే మనకి పెద్దగా వినిపిస్తుంది, పక్కవాళ్లది తెలియదు. కెనాల్ గట్టు మీద చీకట్లో మనుషులు కనపడకపోయినా అడుగుల చప్పుడుని బట్టి ఎవరెవరో చెప్పేయొచ్చు. సార్ అడుగు అసలు వినపడదు, మట్టి మీద చీపురుతో ఊడ్చినట్టు సన్నగా ఒక చప్పుడు. మెడికల్ షాపు అన్నది ఎడమకాలు గట్టిగా పడుతుంది, టప్, టిక్, టప్, టిక్. కండక్టర్ అన్న జేబులో తాళంచెవులు. నర్సింగ్ అమ్మాయివి చిన్న చిన్న అడుగులు, త్వరత్వరగా, చినుకులు పడుతున్నట్టు. పన్నెండో కిలోమీటరు దాటాక ఆ చినుకులు మారాయి. మొహం చూస్తే నవ్వుతూనే ఉంది, అడిగితే బాగానే ఉన్నానక్కా అంటోంది, కానీ మడమలు ఈడుస్తున్న చప్పుడు. సైకిలు పక్కకి తీసుకెళ్లి నీళ్లిచ్చాను, ఒక నిమిషం నడవమన్నాను. అలసట మొహంలో కంటే ముందు పాదాల చప్పుడులో తెలుస్తుందని ఆ రోజు అర్థమైంది. నా పాదాలు కూడా ఫిబ్రవరి అంతా చెప్పే ఉంటాయి, నేను వినలేదు.

మే నెలలో మళ్లీ పరుగు మొదలుపెట్టాను. ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక, అలా ఐదుసార్లు. మే అంటే మా ఊళ్లో ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, పగలు 42, 43 డిగ్రీలు, తెల్లవారుజామున కూడా గాలి వేడిగానే తగులుతుంది. ఎండాకాలంలో అదే వేగానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు పోవాలి, చెమటతో నీళ్లూ తగ్గుతాయి కాబట్టి. ఓ పది పద్నాలుగు రోజులు అలాగే జాగ్రత్తగా నెమ్మదిగా పరిగెత్తితే ఒళ్లు అలవాటుపడుతుంది, చెమట ముందే పట్టడం మొదలవుతుంది, చెమటలో ఉప్పు పోవడం తగ్గుతుంది. అందుకని వాచీ చూడటం మానేశాం. మాట తెగకుండా ఎంతసేపైతే అంతసేపు. సార్ ఆ రోజుల్లో శివనాథ్ సింగ్ గురించి చెప్పేవారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో పదకొండో స్థానం, 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్, ఆ టైమ్‌ని దశాబ్దాల పాటు మన దేశంలో ఎవరూ దాటలేకపోయారు. చాలా పరుగులు వట్టి కాళ్లతోనే పరిగెత్తారట. నేను ఒక కిలోమీటరు వెళ్లేలోపు ఆయన రెండు కిలోమీటర్లు దాటిపోయేవారన్నమాట. ఆ వేగం ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఒక మంగళవారం స్టేడియంలో ఐదుగురం వంద మీటర్లు ఆ లెక్కన, అంటే 19 సెకన్లలోపు పరిగెత్తి చూశాం. వంద మీటర్లు వచ్చింది. ఆయన అదే వేగంతో 42 కిలోమీటర్లు వెళ్లారు అనుకుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

జులైలో ఒక ఆదివారం నంద్యాల చెక్‌పోస్టు నుంచి ఓర్వకల్లు రాక్ గార్డెన్ వైపు వెళ్లాం, వెళ్లేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు బస్సు. కాలు ఏమీ అనలేదు. బస్సులో సీట్లు ఖాళీ ఉన్నా చెమట బట్టలని ఎవరం కూర్చోకుండా నిలబడ్డాం, కండక్టర్ అన్న స్నేహితుడే ఆ బస్సు కండక్టరు, బలవంతంగా కూర్చోబెట్టాడు.

ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్. పీపుల్స్ ప్లాజా దగ్గర ఇంకా చీకటిగా ఉండగానే వేలమంది. అంతమంది మధ్యలో మేం ఐదుగురం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నిలబడ్డాం, తప్పిపోతామని కాదు, టెన్షన్. కర్నూలు ఎండల్లో తయారైన మాకు అక్కడి గాలి చల్లగా అనిపించింది, కానీ ఆ ఫ్లైఓవర్లున్నాయే, ఒకటి దిగామనుకునేలోపు ఇంకోటి. జగన్నాథ గట్టుని తలుచుకుని అడుగు చిన్నది చేసుకుని ఎక్కాను. పదిహేడో కిలోమీటరు దగ్గర కుడి పిక్క పట్టేసింది. పక్కన రెయిలింగ్ పట్టుకుని సాగదీసుకుంటుంటే రెండున్నర గంటల లెక్క చెయ్యి జారిపోవడం వాచీలో కనిపిస్తూనే ఉంది. బాధేసింది, అబద్ధమెందుకు. మళ్లీ మొదలుపెట్టాక వాచీ మణికట్టు లోపలి వైపుకి తిప్పేసుకుని, పాదాల చప్పుడు మాత్రమే వింటూ వెళ్లాను. రెండు అడుగులూ ఒకేలా పడేంత వేగం, అంతకంటే ఎక్కువ వద్దు.

రేసు ముగిసే గచ్చిబౌలి స్టేడియం ఇంకా కిలోమీటరు పైనే ఉందనగా, బారికేడ్ల అవతల ఫుట్‌పాత్ మీద ఎదురుగా ఎవరో పరిగెత్తుకుంటూ వస్తున్నారు. మెళ్లో మెడల్ ఊగుతోంది. మెడికల్ షాపు అన్న. రేసు ముగించి, వెనక్కి తిరిగి వచ్చాడు. బారికేడ్ అవతల నుంచే నాతో పాటు పరిగెత్తుతూ, "అయిపోయింది చెల్లెమ్మా, ఆ వేపచెట్టే" అన్నాడు. అక్కడ వేపచెట్టు లేదు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ఊపిరి తప్పింది, అయినా ఆగలేదు. 2 గంటల 41 నిమిషాలు. లైను దాటి, నీళ్లు తాగి, ఇద్దరం మళ్లీ వెనక్కి నడిచాం, కండక్టర్ అన్న ఇంకా రావాలి.

ఊరికొచ్చి మూడు వారాలైంది. సార్ కూతురి పురుడికని బెంగళూరు వెళ్లారు, రెండు నెలలదాకా రారు. గొలుసులో మొదటి కాల్ ఎవరు కొట్టాలన్నది పెద్ద చర్చే అయింది, ఎందుకంటే మిగతా నలుగురం ఎవరో ఒకరు లేపితే లేచేవాళ్లమే. పోయిన ఆదివారం ఉగ్గాని తింటూ ఇదే మాట్లాడుకుంటుంటే బండి అక్క వింది. "నేను మూడున్నరకే లేస్తా కదప్పా, పిండి కలపాల. నాకు నంబరియ్యండి, కొడతా" అంది. నంబరిచ్చాం. మంగళవారం నుంచి మెడికల్ షాపు అన్నకి మొదటి కాల్ ఆమెదే. కండక్టర్ అన్న చివర్లో ఆమెకే తిరిగి కొడతాడు. ఆ రింగు వినపడ్డాకే స్టవ్ వెలిగిస్తానంటోంది.

రేపు ఆదివారం కెనాల్ గట్టు వద్దనుకున్నాం. మొన్నటి వానకి నల్లరేగడి మెత్తబడి, రెండడుగులకే బూట్ల కింద రొట్టెలా అంటుకుంటోంది, ఒక్కో కాలు కిలో బరువు. రోడ్డు మీదే, 14 కిలోమీటర్లు, మాట తెగకుండా. మావాడు సైకిలు సీటు మళ్లీ పైకెత్తుకున్నాడు, నీళ్లు వాడు తెస్తానన్నాడు.